చెలమ నీళ్ల మీద వ్యాసం

పోయిన నెలలో గుంటూరులో తెలుగు ఉపాధ్యాయులకు మూడు రోజుల శిక్షణ పెట్టి, రిటైరై ఇన్నేళ్లయిన నన్ను కూడా ఎవరో గుర్తుపెట్టుకుని పిలిచారు. పెద్దావిడ కదా, నాలుగు మంచి మాటలు చెప్పించి ఓ శాలువా కప్పి పంపిద్దాం అనుకుని ఉంటారు. చేతికిచ్చిన పుస్తకం తిరగేస్తే, భాష చెప్పే పంతుళ్లు వెనకబడిన పిల్లలందర్నీ ఎలా కలుపుకుపోవాలి, గాలికీ నీటికీ మట్టికీ జరిగే అన్యాయాన్ని పాఠంలోకి ఎలా తేవాలి అని రంగుల బొమ్మలతో సహా అచ్చువేశారు. భోజనాల దగ్గర మా అమ్మాయి కంటే చిన్నదైన ఓ టీచరు నా పక్కన కూర్చుని, మీ రోజుల్లో ఇలాంటివేవీ ఉండేవి కావేమో కదండీ అని అడిగింది. మాకేముండేవమ్మా, పద్యమూ ప్రతిపదార్థమూ తప్ప, అని నవ్వేసి, పెరుగన్నం తిని, శాలువా సంచిలో కుక్కుకుని చీరాల బస్సెక్కాను. ప్రత్తిపాడు దాటాక ఒక మలుపు దగ్గర బస్సు ఆగి ఎవరినో దింపింది. ఆ మలుపులో దిగి రెండేళ్లపాటు రోజూ మైలు దూరం నడిచినదాన్ని నేను. ఆ చిన్న టీచరుతో ఎంత తేలిగ్గా అబద్ధమాడానో అప్పుడు తెలిసివచ్చి, ఇంటికి చేరేదాకా కిటికీలోంచి బయటికి చూడలేకపోయాను.

అందుకే ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్లు చదివితే, ఆ రోజులు ఎలాంటివో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఊరి పేరు కూడా ఉండదు. పేర్లు రాసి తీరాలని పట్టుబట్టి ఒకసారి నేను చేసిన నిర్వాకం చాలు.

మాది చీరాలలో మగ్గాల ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దుగూకేదాకా నేస్తే, అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. పత్తి అంటే నాకు తెలిసిందల్లా నూలు చిలపలూ, గంజి వాసనా. ఎనభైల నడుమ తెలుగు పండితురాలిగా ఉద్యోగం వచ్చి, మావారి కొలువు గుంటూరులో కావడంతో ప్రత్తిపాడులో ఓ గది తీసుకుని, ఆ మలుపు లోపలి ఊరి బడికి వెళ్లడం మొదలుపెట్టాకగానీ పత్తి చెట్టు మీద ఎలా ఉంటుందో నేను దగ్గర్నుంచి చూడలేదు. చూడ్డానికంటే ముందు వాసన చూశాను. బడి గోడ దాటితే చేలే. దసరా సెలవులై బడి తెరిచిన దగ్గర్నుంచి రోజు విడిచి రోజు ఎవరో ఒకరు పురుగుమందు కొడుతూనే ఉండేవాళ్లు. వీపున పంపు తగిలించుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, లుంగీ మోకాళ్ల పైకి కట్టి, చెప్పుల్లేకుండా ఆ పొగమంచులో నడిచిపోయే మనుషుల్ని కిటికీలోంచి చూస్తూ నేను ప్రకృతి వర్ణన చెప్పేదాన్ని. పిల్లలు ముక్కు మూసుకుని వల్లెవేసేవాళ్లు.

ఆ రోజులు మొరటు రోజులు. గట్టు మీద జానెడు నేల కోసం గొడ్డళ్లు లేచేవి, ఎన్నికలొస్తే నాటుబాంబులు పేలేవి, పేకాటలో మాటా మాటా పెరిగి చెయ్యి నరికించుకున్నవాడు మర్నాడు కట్టుతోనే వచ్చి టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. తెల్లదోమ పట్టి పైరు నల్లగా మాడిపోయిన ఏడు మగవాళ్ల కోపమంతా ఇంట్లో ఆడవాళ్ల వీపుల మీద తేలేది. బడిలో మేమూ తక్కువ తినలేదు. నా బల్ల మీద చింతబరికె ఒకటి ఎప్పుడూ ఉండేది. అది విరిగితే ఆ పూటే ఇంకోటి తెచ్చిపెట్టే వంతు పిల్లలదే. తల్లులు దారిలో కనబడి, మావాడికి చర్మం మీద, కండ మీద మీ ఇష్టం టీచరుగారూ, ఎముకలు మాత్రం మాకుంచండి అని నవ్వేవాళ్లు. నేను ఆ మాటని దీవెనలా తీసుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

బడిలో చేరిన మొదటి వారం నేనొక పని చేశాను. పల్లె పిల్లలు, అంటే ఊరికి ఎడంగా వాగు పక్కనుండే కూలి జనం పిల్లలు, తలుపు పక్కన చివరి వరసలో విడిగా కూర్చునేవాళ్లు. ఎవరు కూర్చోమన్నారో ఎవరికీ తెలియదు, అలా కూర్చుంటారంతే. నేను అందర్నీ లేపి ఎత్తు వరసన కూర్చోబెట్టాను. రెండు రోజులు ఊళ్లో పిల్లలు కొందరు బడి మానేశారు. మూడో రోజు ముగ్గురు తండ్రులు వచ్చి గుమ్మంలో నిలబడితే, మీ పిల్లల్ని ఇంటి దగ్గరే చదివించుకోండి అని బల్ల మీద బరికెతో కొట్టి చెప్పాను. అంత సంస్కరణ చేసేశానని నెలరోజులపాటు మావారికి చెప్పిందే చెప్పి ఆయన ప్రాణం తీశాను. కానీ అదే గదిలో పల్లె పిల్లల నోట వాళ్ల ఇంటి మాట దొర్లితే, బడి భాషలో మాట్లాడు అని చెయ్యి చాపించి కొట్టేదాన్ని కూడా నేనే. పక్కపక్కన కూర్చోబెట్టి నోరు మూయించడాన్నే కలుపుకుపోవడం అనుకున్నాను.

ఇక వ్యాసాల సంగతి. ఏ విషయం ఇచ్చినా తొమ్మిదో తరగతిలో నలభై మందీ గైడులో ఉన్నది ఉన్నట్టు రాసుకొచ్చేవాళ్లు. వర్షాకాలం మీద రాయమంటే, చుక్క వాన లేక నెర్రెలు తీసిన నల్లరేగడిలో నడిచి వచ్చిన పిల్లలు, ప్రకృతి కాంత పచ్చని చీర కట్టుకుంది అని రాశారు. ఒళ్లు మండి నలభై కాగితాలూ చింపి కిటికీలోంచి విసిరేశాను. అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. ఇకనుంచి మీ కళ్లతో చూసింది రాయండి, ఎవరు చేశారు, ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఈ మూడూ లేని వ్యాసానికి సున్నా, అని నల్లబల్ల మీద రాసిపెట్టాను. ఒకామె, ఒకాయన, ఒక ఊళ్లో అని దాటేస్తే ఒప్పుకోను, పేరుండాలి అన్నాను. ఆ నెల సగం మందికి సున్నాలు వచ్చాయి, మిగతా సగం కోళ్ల పందేల గురించీ మేనమామ పెళ్లి గురించీ పేర్లతో సహా రాసి నన్ను నవ్వించారు.

ఆ తొమ్మిదో తరగతిలోనే పల్లె పిల్ల ఒకతి ఉండేది. పుల్లలా ఉండే చేతులు, నూనె లేని జుట్టు, పాఠం చెబుతుంటే రెప్ప వేయని చూపు. ఆ పిల్ల తండ్రి పంచాయతీ ప్రెసిడెంటుగారి తమ్ముడి దగ్గర పాలేరు. ఏడాది పొడుగునా ఆయన చేలోనే పని, మందు కాలం వస్తే పంపు మోసేదీ డ్రమ్ములో మందు కలిపేదీ అతనే. పిల్ల చదువులో చురుకే గానీ వారంలో మూడు రోజులు మొదటి గంట అయిపోయాక వచ్చేది. వచ్చిన ప్రతిసారీ చెయ్యి చాపేది, నేను రెండు వడ్డించేదాన్ని, నోరెత్తకుండా వెళ్లి కూర్చునేది. ఓ రోజు చింతబరికె విరిగేదాకా కొట్టి, ఎందుకు ఆలస్యమో చెప్పవేమే అని అరిచాను. అప్పుడూ చెప్పలేదు. ఆ వారం వ్యాసంలో రాసింది.

బాలల దినోత్సవానికి వ్యాసరచన పోటీ పెట్టి, మన ఊరు అని విషయం ఇచ్చాను. ఆ పిల్ల రాసిన రెండు పేజీల్లో కొన్ని వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పేరున్నచోట ఫలానా అని పెడతాను. "మా పల్లెకి నీళ్లు వాగులో చెలమలే. మందు కొట్టిన రోజు మా నాయన డ్రమ్ములు కడుగుతాడు. ఫలానావారు గొడ్లు తాగే తొట్టికాడ కడగొద్దన్నారు, గొడ్లకి చెరుపు అన్నారు, వాగులో కడగమన్నారు. మా నాయన కడిగిందే మా అమ్మ ముంచుకొచ్చుద్ది. అందుకని నేను పొద్దున్నే పోయి మూడు మాట్లు చెలమ తోడి పారబోసి, నాలుగో మాటు ఊరినయ్యి పట్టుకొస్తా. పోయిన కార్తీకంలో నాకు జొరం వచ్చి పోలేదు. ఆ రోజు తాగినయ్యి మొదటి నీళ్లే. మా తమ్ముడు మర్నాడు పోయాడు. మూడు మాట్లు తోడేటప్పటికి బడికి ఆలస్యం అయిద్ది."

చెలమంటే వాగు ఇసుకలో చేత్తో తవ్వుకునే గుంట. తోడినకొద్దీ ఊరుతుంది, ఊరేదాకా పక్కన కూర్చోవాలి. అలా కూర్చుని లేచి వచ్చిన పిల్లని నేను ఎన్నిసార్లు కొట్టానో లెక్క కట్టలేక ఆ కాగితం ముందు పెట్టుకుని ఏడ్చాను. ఒక్క అక్షరం దిద్దలేదు. వాళ్ల ఇంటి మాటని మొదటిసారి దిద్దకుండా వదిలాను. మొదటి బహుమతి వేశాను.

మా హెడ్మాస్టరుగారు వయసుమళ్లిన మనిషి, ఆ ప్రాంతం వారే. వ్యాసం చదివి చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, చాలా బాగా రాసిందమ్మా, ఆ పేరు ఒక్కటీ తీసేసి ఒక రైతు అని పెట్టించండి, లేదా ఇది మైకులో చదివించకండి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు. మా బడిలో బహుమతి వచ్చిన వ్యాసాన్ని రాసిన పిల్లలే మైకులో చదవడం ఆనవాయితీ. పేరు తీస్తే అది గైడు వ్యాసమవుతుంది గానీ పిల్ల రాసింది కాదండీ అని నేను వాదించాను. ఆయన నాలుగైదు సార్లు చెప్పి ఊరుకున్నారు. నా వాదన పైకి బాగానే ఉంది. లోపల మాత్రం నలభై గైడు కాగితాలు చింపి ఒక్క నిజమైన వ్యాసం పుట్టించానన్న గర్వం తప్ప వేరే ఏమీ లేదు. ఆ పిల్ల తండ్రిని అడగాలని గానీ, పల్లెకి పోయి ఒక పెద్దమనిషితోనైనా మాట్లాడాలని గానీ నాకు తోచనేలేదు. వాళ్ల గురించి వాళ్లని అడగడం మా చదువులో ఎక్కడా లేదు. బాలల దినోత్సవం పొద్దున మైకు దగ్గరికి పంపేముందు పిల్ల ఒక్కసారి ఆగి, పేరు కూడా చదవాలా అని అడిగింది. నిజం రాసినప్పుడు భయమెందుకు, నేనున్నాగా అన్నాను.

బడి ఆవరణలో వేపచెట్టుకి రెండు గొట్టాల మైకులు కట్టారు. ముఖ్య అతిథి ప్రెసిడెంటుగారి తమ్ముడే. ఆయన చెడ్డవాడని అప్పటిదాకా ఎవరి నోటా వినలేదు. బడికి బల్లలు చేయించింది ఆయనే, పద్యం రాగం తీసి పాడతాడు, నన్ను చూస్తే చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు. ఆ ఏడు ఆయన చేను కూడా తెల్లదోమ పాలైంది. నాలుగు రోజులకోసారి మందు కొట్టించి కొట్టించి మనిషి ఎండిపోయి ఉన్నాడు. పిల్ల చదవడం మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉన్నా వణకలేదు. ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, రెండు గొట్టాల్లోంచి ఊరి మీదా చేల మీదా పడింది. ఆ సమయంలో పిల్ల తండ్రి చేలో మందు కొడుతున్నాడట. కూతురి గొంతు విని నిలబడిపోయి, వీపు మీది పంపు దించి గట్టున పెట్టి, అక్కడే కూలబడ్డాడని తరవాత పక్క చేలో వాళ్లు చెప్పారు. వేదిక మీద ఆయన నవ్వుతూనే పిల్లకి స్టీలు గ్లాసు బహుమతిచ్చి తల మీద చెయ్యి వేశాడు. దిగిపోతూ నా దగ్గర ఆగి, "బాగా రాయించారు టీచరుగారూ" అన్నాడు. నేను సిగ్గులేకుండా పొంగిపోయాను.

మర్నాడు పొద్దున రెండో గంట కొట్టకముందే పల్లె పిల్లాడొకడు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రొప్పుతూ వాడు చెప్పింది నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పత్తి చేలకు అడ్డంపడి పరిగెత్తాను. నాకప్పుడు నాలుగో నెల.

వాగు గట్టున ప్రెసిడెంటుగారి తమ్ముడి పురుగుమందుల కొట్టం ఉంది. దాని ముందు పాతిక మంది మగవాళ్లున్నారు. పిల్ల తండ్రిని కొట్టం గుంజకి ఆనించి కూర్చోబెట్టారు. పంపు గొట్టాలతో కొట్టినట్టున్నారు, ఛాతీ మీదా భుజాల మీదా వాతలు తేలి నెత్తురు చిమ్ముతోంది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పై పెదవి చీలి వేలాడుతోంది. అతని పక్కన మందు కలిపే డ్రమ్ము, అందులో కడిగిన నీళ్లు, తెల్లగా, పలచటి మజ్జిగలా ఉన్నాయి. ఒకడు అతని జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు, ఇంకొకడు చెంబు పట్టుకున్నాడు. పెళ్లాన్నీ పిల్లనీ ఇద్దరు మనుషులు దూరంగా రెక్కలు విరిచి పట్టుకున్నారు. పిల్ల తల్లి నోరు చెంగుతో కుక్కారు. ఒక చెంబు అప్పటికే తాగించేశారు. ప్రెసిడెంటుగారి తమ్ముడు మంచం మీద కూర్చుని, కేకలు వెయ్యకుండా, లెక్కల మాస్టరు లెక్క చెబుతున్నట్టు అంటున్నాడు.

"ఈ నీళ్లు తాగితే మడుసులు పోతారని నీ కూతురు ఊరంతటికీ చెప్పింది గదరా. తాగి చూపించు. నీకేం గాకపోతే అది చెప్పింది అబద్ధం. అంతే."

పిల్ల తండ్రి, "తాగుతానయ్యా, పిల్లనొదిలెయ్యండయ్యా" అంటున్నాడు. నాలుక మందమై మాట సరిగా రావడం లేదు. నోటి వెంట చొంగ తాడులా కారుతోంది. రెండో చెంబు ముంచారు.

నేను చెంబు పట్టుకున్నవాడి మీద పడ్డాను. వాడు మోచేత్తో ఒక్కటిచ్చేసరికి ఇసుకలో వెల్లకిలా పడ్డాను, పెదవి చిట్లింది. ఆయన లేచి వచ్చి, ఆడమనిషి మీద చేయి చేసుకున్నావా అని వాడి చెంప పగలగొట్టి, నన్ను లేపి కూర్చోబెట్టి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. పిల్ల వ్యాసమే. ముందురోజు బల్ల మీద నేను వదిలేసి వచ్చిన కాగితం.

"మీరు చదువుకున్నోళ్లు. మీరే చెప్పండి టీచరుగారూ. ఇది జరిగిందా, కల్పించిందా?"

ఆ చెంబు అతని నోటికి బెత్తెడు దూరంలో ఉంది. ఆలోచించడానికి అంతే చోటుంది. కల్పించిందేనండి, కథలా రాయమని నేనే చెప్పాను అన్నాను. అలాగైతే రాసివ్వండి అన్నాడు. నా జాకెట్లో పెట్టుకున్న ఎర్ర కలం తీసి, పిల్ల రాసిన ఆఖరి వాక్యం కింద, ఇది ఊహించి రాసిన వ్యాసం అని రాసి సంతకం చేశాను. కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, చెంబులో నీళ్లు ఇసుకలో పారబోయించాడు. ఆ అబద్ధానికి నేను ఈనాటికీ సిగ్గుపడను. రెండో చెంబు ఆపడానికి నా దగ్గర అంతకంటే ఏమీ లేదు.

పల్లెవాళ్లు నులక మంచం మీద వేసుకుని అతన్ని రోడ్డు దాకా మోసుకొచ్చారు. బస్సువాడు ఎక్కించుకోనన్నాడు. చివరికి గుంటూరు పోయే పత్తి లారీ ఒకటి ఆగితే పత్తి కుక్కిన బోరేల మీద పడుకోబెట్టారు. నేనూ ఎక్కాను. దారి పొడుగునా అతని ఒళ్లు చేపలా ఎగిరెగిరి పడింది. పిల్ల తండ్రి తల ఒళ్లో పెట్టుకుని, చొంగ తుడిచి తుడిచి, తన వోణీ అంతా తడిపేసుకుంది. పెద్దాసుపత్రిలో డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. మూడో రోజు పొద్దున అతను పోయాడు.

దీనికి ముందురోజు సాయంత్రం జరిగింది కూడా చెప్పాలి. మావారు కచేరీ నుంచి వచ్చి బస్సు దిగి సైకిలు మీద ఇంటికొస్తుంటే ఇద్దరు ఆపి, సైకిలు కాలవలో తోసేసి, ఆయన రెండు చెంపలూ వాయించి, మీ ఆవిడ వట్టి మనిషి కాదంటగా, బస్సులెక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూసుకోమనండి అని చెప్పి పోయారు. అది నిజమే. దాన్ని నేను సాకుగా వాడుకున్నదీ నిజమే.

ఆసుపత్రి వరండాలో ఎస్సై బల్ల వేయించుకుని కూర్చుని, శవపంచాయతీ కాగితాలు రాసుకుంటున్నాడు. ప్రెసిడెంటుగారే స్వయంగా వచ్చి స్తంభం పక్కన నిలబడ్డారు. ఇంట్లో గొడవపడి పురుగుమందు తాగాడు అని అప్పటికే రాసి ఉంది. ఆ రోజుల్లో ఆ మాట రాయడానికి ఎవరికీ కలం ఆగేది కాదు. పిల్ల బల్ల ముందుకి వచ్చి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు కొట్టారో చెప్పింది, ఎవరు జుట్టు పట్టారో, ఎవరు చెంబు ముంచారో, కొట్టానికి ఏ పక్కన, పొద్దున ఏ వేళప్పుడు, అన్నీ వరసగా, ఒక్కటి కూడా వదలకుండా, పేర్లతో సహా చెప్పింది. పద్నాలుగేళ్ల పిల్ల. నేను నేర్పినట్టే చెప్పింది. ఎందుకు చేశారు అని ఎస్సై అడిగితే, నేను రాసినందుకు అంది. ఏం రాశావంటే, ప్రెసిడెంటుగారు ముందుకొచ్చి కాగితం అందించారు. ఎస్సై వ్యాసం పూర్తిగా చదివాడు. కింద ఎర్ర అక్షరాలు చదివి నావైపు తిరిగి, ఈ సంతకం మీదేనా అని అడిగాడు.

"అవునండి" అన్నాను.

ఎస్సై ఒక్క క్షణం ఆగాడు. నేను ఇంకేమైనా చెబుతానేమోనని ఆగాడనే నాకు ఇప్పటికీ అనుమానం. కలం మూత కూడా పెట్టలేదు ఆయన. ప్రెసిడెంటుగారు నా కడుపు వైపు చూసి చూపు తిప్పుకున్నారు. పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నిజం రాశాననేగా ప్రైజిచ్చారు టీచరుగారూ. ఆ మాటొక్కటి చెప్పండి. మా నాయన ఎట్టాగూ రాడు. అబద్ధం ఆడినదాని నాయన అనైనా అనకుండా ఉంటారు."

నేను తల దించుకున్నాను. ఎంతసేపు దించుకున్నానో తెలియదు. తల ఎత్తేసరికి ఎస్సై బల్ల మడిపించేస్తున్నాడు, పిల్ల తల్లి దగ్గరికి వెళ్లి కూర్చుంది. మొదటి అబద్ధం ఒక మనిషిని కాపాడ్డానికి ఆడాను. ఈసారి నోరు మూసుకుంది నన్ను కాపాడుకోవడానికి. ఈ రెంటికీ తేడా తెలియని మనిషిని కాను.

ఆ వారంలోనే పల్లె మగవాళ్లు వెళ్లి మందుల కొట్టం పగలగొట్టి డ్రమ్ములు గొడ్డళ్లతో నరికారు. దానికి మాత్రం పోలీసులు రెండు వ్యానుల్లో వచ్చి, దొరికినవాణ్ణి దొరికినట్టు లాఠీలతో చితకబాది పట్టుకుపోయారు. పల్లె పక్కన గడ్డివాములు ఎవరో అంటించారు. రెండు రోజులు ఆ పొగ బడి కిటికీల్లోంచి వచ్చింది, నేను ప్రతిపదార్థం చెబుతూనే ఉన్నాను. పల్లె పిల్లలు ఒక్కరూ రాలేదు. వచ్చాక మళ్లీ తలుపు పక్కనే విడిగా కూర్చున్నారు, నేను లేపలేదు. ఆ పిల్ల రానేలేదు. తల్లితో కలిసి గుంటూరు మిరపకాయల కొట్లలో తొడిమలు తీసే పనికి పోయిందని విన్నాను. ఆ కొట్లు మా ఇంటికి గంట దూరం. ఏ రోజైనా వెళ్లి చూడగలిగేదాన్నే. వెళ్లలేదు.

ఏడాది తిరక్కుండా బదిలీ వచ్చి మా ఊరి వైపు వచ్చేశాను. అందరూ అదృష్టవంతురాలివి అన్నారు. ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పాను. ఎవరిచేతా కళ్లతో చూసింది రాయించలేదు. గైడు పెట్టి చెప్పాను, మార్కులు బాగా వచ్చాయి, ఉత్తమ ఉపాధ్యాయురాలని ఒక సన్మానం కూడా చేశారు. కొట్టడం మాత్రం మానేశాను. ఆలస్యంగా వచ్చిన పిల్లని ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు, అడిగితే చెబుతుందేమోనని భయం.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ కుళాయిలున్నాయట, ఆటోలో నీళ్ల క్యాన్లు వస్తాయట. వాగులో చెలమ తవ్వేవాళ్లు లేరు, వాగులో ఇసుక కూడా లేదు, లారీల మీద పోయింది. పత్తి తగ్గి మిర్చి పెరిగింది, మందు కొట్టడం ఏమీ తగ్గలేదు. బడిలో బెత్తం పడితే మాస్టరు ఉద్యోగం పోతుంది, అది మంచిదే. ఆ శిక్షణలో పిల్లలు రాసిన వ్యాసాలు కొన్ని ప్రదర్శనకు పెట్టారు. ముచ్చటైన చేతిరాతలు. చెట్టు ఏడుస్తుంది, నది ఏడుస్తుంది, భూమాత ఏడుస్తుంది. చెట్టు కొట్టినవాడు గానీ, నీళ్లలో కలిపినవాడు గానీ, ఆ నీళ్లు తాగినవాడు గానీ ఒక్క కాగితంలోనూ లేడు. ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ కోపం రాదు, ఏ తండ్రికీ దెబ్బ తగలదు. మా కాలం కంటే ఇదే మేలని ఒక మనసు అంటుంది. ఆ మనసు నాది కాదని చెప్పలేను, ఇరవై ఎనిమిదేళ్లు దానితోనే జీతం తీసుకున్నాను.

కానీ ఏ బడిలోనైనా ఏ తెలుగు టీచరు ముందుకైనా మళ్లీ అలాంటి కాగితం ఒకటి వస్తే, రాయించడం గొప్ప కాదమ్మా, ముందు పిల్ల ఇంటికి వెళ్లి అడుగు, ఆ తరవాత దాని పక్కన నిలబడు, అని చెప్పాలనుంది. నిలబడడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. నాకు ఆ రోజు వరండాలో కావలసింది ఇంకొక్క వాక్యం. సంతకం నాదేనండీ, పిల్ల రాసింది మాత్రం నిజం. నలభై ఏళ్లకి రాశాను.